వ్యాను కప్పులోంచి దిగిన వైరు

మా అక్క మొగుడు లారీ డ్రైవరు. స్టీలు కాయిల్స్ ఎక్కించుకుని పైకి కలకత్తా వైపో, కిందికి మద్రాసు వైపో పోయేవాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ వారంలో ఒకటి రెండు రాత్రులు తప్ప ఇంట్లో పడుకున్నది లేదు. మొదట్లో అక్క ఏడ్చేది. తర్వాత అలవాటు పడింది. ఆ తర్వాత అతను వరసగా కొన్ని రోజులు ఇంట్లో కనిపిస్తే, "ఏటి, లోడు దొరకనేదేటి?" అని అడిగే స్థితికి వచ్చింది.

నేను అతన్ని బావా అని పిలిచేవాణ్ణి. వయసులో నేను బాగా చిన్నవాణ్ణయినా, అతను కూడా నన్ను బావా అనే పిలిచేవాడు. మా వైపు అంతే. నేను పోర్టులో ఓడల రిపేరు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర ఎలక్ట్రీషియన్ని. అతని లారీలో హెడ్‌లైటు వెలగకపోయినా, టేపు రికార్డరు పాడకపోయినా నన్నే పిలిచేవాడు. పని అయ్యాక లారీ కేబిన్లోనే కూర్చుని టీ తాగేవాళ్ళం. ఇంట్లోకి రమ్మని అక్క కేకేస్తే, "ఇక్కడ గాలి బాగుంది, ఉండవే" అనేవాడు.

అలాంటి మనిషిని ఒక జబ్బు తెచ్చి గదిలో కూర్చోబెట్టింది. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు. స్పాంజిలా మెత్తగా ఉండాల్సినవి ఎండిన తోలులా అయిపోతాయని డాక్టరు చెప్పాడు. ఎందుకొచ్చిందని అక్క అడిగితే, ఇదే కారణమని చెప్పలేమన్నాడు. తగ్గుతుందా అని అడిగితే మాత్రం తడుముకోకుండా తగ్గదన్నాడు.

గాజువాకలో వాళ్ళది కింది వాటా. ముందు గదిలో మంచం, మంచం పక్కన ఆక్సిజన్ మిషను. చిన్న బీరువా అంత ఉండేది. గోడకున్న ప్లగ్గులో పెడితే గదిలో గాలినే పీల్చుకుని, అందులోంచి ఆక్సిజన్ వేరుచేసి సన్నటి గొట్టంలోకి వదిలేది. ఆ గొట్టం రెండు పాయలుగా చీలి బావ ముక్కులోకి వెళ్ళేది. మిషను ఎప్పుడూ గుర్రుగుర్రుమని చప్పుడు చేస్తూనే ఉండేది. కరెంటు పోతే అక్క పరుగెత్తి మూల నిలబెట్టిన సిలిండరు తిప్పేది. సిలిండరు కాసేపటికే వస్తుంది. ఆ కాసేపూ ఇద్దరూ ఫ్యానుకేసి చూస్తూ కూర్చునేవారు.

గొట్టం పొడుగు గుమ్మం దాకా. అంతకు మించి సాగదు. బావ ప్లాస్టిక్ కుర్చీ గుమ్మంలో వేసుకుని, కాళ్ళు వీధి మెట్టు మీద పెట్టుకుని కూర్చునేవాడు. అతని ప్రపంచం అక్కడితో ఆఖరు.

ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి అలాగే కూర్చుని ఉన్నాడు. నేను పక్కన మెట్టు మీద కూర్చునేదాకా ఆగాడు. తర్వాత, "బావా, ఒక్క రాత్రి ఇంకో సోట తొంగోవాల" అన్నాడు.

ఆయాసం వల్ల మాటల మధ్య ఆగి ఊపిరి తీసుకునేవాడు. అందుకని ఎక్కువ మాట్లాడేవాడు కాదు. అన్న మాట మళ్ళీ అనేవాడూ కాదు.

"లాడ్జిలో దిగుదాం బావా. మిషను కారులో ఏసుకుని పోదాం. అక్కడా ప్లగ్గుంటది కదా" అన్నాను.

"లాడ్జిలో ఎవడు తొంగుంటాడు? బండిలో తొంగోవాల. రోడ్డు పక్కన ఆపుకుని."

అక్క లోపలినుంచి విని, "ఊపిరాడక సస్తంటే రోడ్డు పక్కన తొంగుంటాడంట" అంది. కోపంగా అనలేదు. అన్నం వార్చుతూ మామూలుగా అంది.

అలా మొదలైంది. ఆటోనగర్‌లో ఒక షెడ్డు వెనక పాత స్కూలు వ్యాను పడి ఉంటే తెచ్చాను. ఇంజను బాగానే ఉంది. సీట్లు పీకేసి, కప్పు కింద ప్లైవుడ్ సీలింగు వేసి, ఒక పక్కన మంచంలా చెక్క బల్ల కొట్టాను. బల్ల కింద బ్యాటరీలు, ఇన్వర్టరు. కప్పు మీద రెండు సోలార్ ప్యానెళ్ళు. పగలంతా ఎండకి బ్యాటరీలు నిండితే ఆ మిషను రాత్రంతా నడుస్తుందని లెక్క వేసుకున్నాను. నా లెక్క తప్పు కాదు. ఓడల్లో నేను అంతకంటే పెద్ద లెక్కలే వేశాను.

వ్యానుని వాళ్ళ గుమ్మానికి ఎదురుగానే, సందులో ఆపి పని చేసేవాణ్ణి. బావ కుర్చీలోంచి చూసేవాడు. మెట్టు దిగి ఐదారు అడుగులు వేస్తే బండిని ముట్టుకోవచ్చు. కానీ గొట్టం అక్కడిదాకా రాదు. అందుకని బండి తెచ్చిన చాలా రోజుల వరకూ దాన్ని ముట్టుకోలేదు. టైర్ల సంగతి, స్టీరింగు సంగతి అన్నీ అక్కణ్ణుంచే చెప్పేవాడు.

ప్యానెళ్ళని కప్పుకి బోల్టులతో కొట్టకుండా, చుట్టూ ఉన్న వాన నీటి అంచుకి క్లాంపులు వేసి పట్టించాను. కాబట్టి రేకుకి పెట్టాల్సింది ఒక్కటే బెజ్జం, ప్యానెళ్ళ వైరు లోపలికి దిగడానికి. ఆ ఒక్కటి పెట్టడానికి డ్రిల్లు మిషను పట్టుకుని కప్పు మీదికెక్కాను. మంచి రేకుకి మన చేతులతో మనమే చిల్లు పెట్టడం ఏ పనివాడికైనా ఇష్టముండదు.

"బెజ్జం నేకుండా అవదేటి?" అన్నాడు బావ కిందినుంచి.

"కిటికీలోంచి తెత్తే కిటికీ మూసుకోదు బావా. వానొస్తే లోపలికే."

"సరే, పెట్టు. సూసి పెట్టు."

వెనక భాగంలో, గాలి ఎదురు కొట్టని చోట పెట్టాను. చిల్లు అంచుల్ని ఆకురాయితో నునుపు చేసి, తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూశాను. ఓడల్లో వైరు ఒక గది గోడ దాటి ఇంకో గదిలోకి వెళ్ళేచోట ఇత్తడి గ్లాండ్ బిగిస్తాం. లోపల రబ్బరు రింగు ఉంటుంది, మర తిప్పేకొద్దీ అది వైరుని గట్టిగా కరుచుకుంటుంది. అలాంటి మంచి గ్లాండ్ ఒకటి తెచ్చి బిగించాను. చుట్టూ సందులు పూడ్చే సీలెంటు దట్టించాను. వైరు మీద జారే నీరు తిన్నగా చిల్లు దగ్గరికి రాకుండా, కాస్త ముందే వైరుని కిందికి వేలాడేలా వంచి, అక్కణ్ణుంచి పైకి తిప్పి లోపలికి దించాను. ఇంకేం కావాలి? సముద్రం మీద తిరిగే ఓడల్లో అలాగే చేస్తాం.

వేసవి ఆఖర్న మొదటి గాలివాన కురిసింది. నేను పోర్టులో ఉన్నాను. అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడూ, బండిలో నీరు కారతన్నాది."

"ఎక్కడ?"

"నువ్వు దింపిన వైరు ఉన్నాది కదా, దాని ఎంబడే."

సాయంత్రం వెళ్ళి చూశాను. వైరు పొడుగునా తడి. బల్ల మీద వేసిన పరుపు తల వైపు నానిపోయింది. జానెడు పక్కకి జరిగుంటే బల్ల అంచు దాటి ఇన్వర్టరు మీదే కారేది. నాకు సిగ్గేసింది కానీ భయం వెయ్యలేదు. సీలెంటు సరిగ్గా ఆరకముందే వాన పడిందనుకున్నాను. పాతది గీకేసి, శుభ్రంగా తుడిచి, కొత్తది వేశాను.

మళ్ళీ వాన. మళ్ళీ అదే తడి.

ఈసారి గ్లాండ్ మొత్తం ఊడదీశాను. కింద రబ్బరు వాషరు మార్చి, లారీల అద్దాలకి వాడే నల్లటి గట్టి సీలెంటు వేసి బిగించాను. పక్కింటి డాబా మీదినుంచి పైపు తెచ్చి నీళ్ళు కొట్టి చూశాను. చాలాసేపు కొట్టినా ఒక్క చుక్క దిగలేదు. బావకి కేకేసి చెప్పాను. అతను చెయ్యి పైకెత్తాడు. ఆ రాత్రి అన్నాలప్పుడు ఎక్కడికి పోదామన్న మాట కూడా వచ్చింది.

"ఎలమంచిలి దాటాక పెద్ద ఢాబా ఒకటున్నాది. లారీలన్నీ అక్కడే ఆగుతాయి. నాను ఎప్పుడూ ఆడే ఆపీవోణ్ణి" అన్నాడు బావ.

"ఢాబా దగ్గరేటి, సముద్రం ఒడ్డుకి పోదాం" అంది అక్క.

"సముద్రం చప్పుడుకి నిద్దరట్టదు. లారీల చప్పుడుకి పడద్ది."

అక్క నవ్వింది. వ్యాను వచ్చాక ఆవిడ నవ్వడం అదే మొదటిసారి.

తర్వాత వచ్చిన వాన అల్పపీడనం వాన. ఆగి ఆగి రెండు రోజులు పడింది. తెల్లారి తలుపు తీస్తే వైరు వంపు నుంచి చుక్కలు చుక్కలుగా బల్ల మీదికి రాలుతున్నాయి. నేను ఆ తలుపు దగ్గరే నిలబడిపోయాను. పైపుతో కొడితే రాని నీరు వానకి ఎలా వచ్చింది? వైరు లోపలినుంచి వస్తోందా? గ్లాండ్ పగిలిందా? ఇరవై ఏళ్ళ పైగా చేస్తున్న పని నాకు తెలియదేమో అనిపించింది. గుమ్మంలో బావ నా ముఖం చూశాడు.

"తార్పాలిన్ కప్పెయ్. కట్టడం నాను సెప్తాను. నా లారీలో ఏనాడూ సుక్క దిగనేదు" అన్నాడు.

"తార్పాలిన్ కప్పితే ప్యానెళ్ళకి ఎండెలాగ తగులుద్ది బావా?"

"అవును కదా" అన్నాడు. అనేసి తల పక్కకి తిప్పుకున్నాడు.

పాత పట్నంలో రేకు పని చేసే ఒక ముసలాయన ఉన్నాడు. ముస్లిం. పడవలకి డీజిల్ ట్యాంకులు, హోటళ్ళకి పొగ గొట్టాలు చేస్తాడు. పోర్టు పనుల్లో నాకు పరిచయం. ఆయన్ని తీసుకొచ్చాను. కప్పు మీదికెక్కి, గ్లాండ్ చుట్టూ వేలితో తడిమి, "దీనికి టోపీ కావాలి బేటా. సీలెంటు ఎండకి పగులుద్ది, వానకి ఉబ్బుద్ది. రేకు అయితే పక్కా" అన్నాడు. మర్నాడు చిన్న రేకు టోపీ చేసి తెచ్చాడు. ముందు వైపు ఏటవాలుగా, వెనక వైపు వైరుకి మాత్రమే దారి ఉండేలా. దాన్ని టంకం పెట్టి కప్పుకి అతికాడు. చూడ్డానికి అందంగా ఉంది. బావ కూడా మెచ్చుకున్నాడు.

వాన పడే సూచన కనిపించగానే నేను ఆయనకి ఫోన్ చేశాను. ఆటోలో వచ్చాడు. ఇద్దరం వ్యానులో బల్ల మీద కూర్చుని కప్పుకేసి చూస్తూ వాన కోసం ఎదురుచూశాం. వాన మొదలైంది. కొంతసేపు బాగానే ఉంది. ఆయన నావైపు చూసి తల ఊపాడు. ఆ తర్వాత వైరు మీద ఒక మెరుపు కనిపించింది. నీటి బొట్టు. అది మెల్లగా జారి, వైరు వంపు దగ్గర ఆగి, కిందపడింది. వెనకే ఇంకొకటి.

ముసలాయన లేచి, వైరు దిగిన చోట వేలితో తడిమాడు. "నా టోపీలోంచి రావట్లేదు" అన్నాడు చివరికి. నేను కూడా అదే అన్నాను, నా గ్లాండ్‌లోంచి రావట్లేదని. ఇద్దరి ముందూ నీరు మాత్రం కారుతూనే ఉంది. ఆయన వాన తగ్గేదాకా కూడా ఉండలేదు. తువ్వాలు నెత్తిన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇదంతా జరుగుతున్న రోజుల్లోనే బావకి దగ్గు ఎక్కువైంది. ఒక మధ్యాహ్నం గోళ్ళు నీలంగా మారితే ఆసుపత్రిలో చేర్చాం. కొన్నాళ్ళు మెడకి, చేతికి సూదులు గుచ్చించుకుని పడుకున్నాడు. నేను పోర్టు నుంచి తిన్నగా ఆసుపత్రికి పోయేవాణ్ణి. అక్కని ఇంటికి పంపి అక్కడ కూర్చునేవాణ్ణి. అతను కళ్ళు తెరిచినప్పుడల్లా వ్యాను గురించి అడుగుతాడేమోనని భయపడేవాణ్ణి. ఒక్కసారీ అడగలేదు. అడగకపోవడం ఇంకా కష్టంగా ఉండేది.

ఒక ఆదివారం ఆసుపత్రికి పోకుండా తిన్నగా సందులోకి వెళ్ళాను. స్క్రూలన్నీ విప్పి వ్యాను లోపలి సీలింగు పీకేశాను. అప్పటిదాకా ఆ పని ఎందుకు చెయ్యలేదంటే, నేనే కష్టపడి కొట్టిన సీలింగు అది. ప్లైవుడ్ వెనక వైపు నల్లగా నాని, పొరలు విడిపోయి ఉంది. తడి జాడ పట్టుకుని పైకి పోయాను. వైరు దిగిన చిల్లు చుట్టూ రేకు పొడిగా ఉంది. తడి మొదలైంది అక్కడ కాదు, ముందు వైపు, డ్రైవరు సీటు పైన. స్కూలు పిల్లల బ్యాగులకోసం ఎప్పుడో ఆ కప్పు మీద క్యారియర్ ఉండేది. దాన్ని తీసేసినవాళ్ళు బోల్టు చిల్లుల్ని లప్పంతో పూడ్చి, పైన రంగు వేసేశారు. పైనుంచి చూస్తే ఏమీ కనిపించదు. ఎండకి ఆ లప్పం వెంట్రుకవాసి బీట వారింది. అందులోంచి దిగిన నీరు రేకుకీ ప్లైవుడ్‌కీ మధ్య సందులో వెనక్కి నడిచి, వైరు దొరికిన చోట వైరు పట్టుకుని దిగింది. నేను నీళ్ళు కొట్టింది వెనక భాగం మీదే. ముందు వైపు కొట్టాలని నాకు తట్టనే లేదు.

ఆ చిల్లులన్నీ గీకి, లోపలా బయటా రేకు ముక్కలు వేసి అతికించి, సీలెంటు పెట్టి, రంగు వేశాను. ఈసారి కప్పు మొత్తం మీద, మూల మూలా నీళ్ళు కొట్టాను. తర్వాత నిజమైన వాన కూడా పడింది. లోపల చెయ్యి పెట్టి తడిమాను. పొడి. ఒక్కణ్ణే ఉన్నాను కాబట్టి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఆసుపత్రికి బయల్దేరాను.

వార్డు బయట అక్క నిలబడి ఉంది. "రేపు పంపేత్తారంట" అంది. సంతోషంగా అనలేదు. "ఇంట్లో ఉన్న మిషను ఇంక సరిపోదంట. పెద్దది కావాలంట. గాలి ఎక్కువ వదిలేది."

పెద్ద మిషను అంటే ఏమిటో నాకు వెంటనే అర్థమైంది. అది పాతదానికి రెట్టింపు కరెంటు తాగుతుంది. నా ప్యానెళ్ళు, నా బ్యాటరీలు పాత మిషను కోసం లెక్క వేసినవి. పెద్దదాన్ని పెడితే సగం రాత్రికే బ్యాటరీలు అయిపోతాయి. ఇంకో రెండు ప్యానెళ్ళు పెట్టడానికి కప్పు మీద చోటు లేదు. వార్డు వరండాలో నిలబడి మనసులో అటూ ఇటూ తిప్పి చూశాను. ఎలా తిప్పినా తెల్లవారేదాకా రాదు.

"బండిలో రాత్రి కుదరదే అక్కా" అన్నాను.

అక్క వార్డు తలుపు వైపు చూసింది. "మీ బావకి సెప్పకు" అంది.

కప్పు కారడం ఆగిందని మాత్రం చెప్పాను. అతను విన్నాడు. సీలింగు ఎలా విప్పానో, నీరు ఎక్కణ్ణుంచి ఎక్కడికి నడిచిందో అన్నీ చెప్పించుకున్నాడు. అన్నీ విన్నాక, "పెద్ద మిషనుకి నీ బేటరీలు రాత్తిరికి సాలవు కదేటి" అన్నాడు. ముప్పై ఏళ్ళు బళ్ళు నడిపినవాడు. అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"పగలు సాలుతాయి బావా. పైన ఎండుంటే."

"అయితే పగలే పోదాం."

వానలు వెనకబట్టాక, ఎండ తెల్లగా కాసిన ఒక ఉదయం బయల్దేరాం. ముందు సిలిండరు తగిలించి అతన్ని కుర్చీతో సహా ఎత్తుకొచ్చి వ్యాను ఎక్కించాం. మనిషి బరువే లేడు. బల్ల మీద పడుకోబెట్టి, ఇన్వర్టరు ఆన్ చేసి, గొట్టం పెద్ద మిషనుకి మార్చాను. మిషను గుర్రుమంది. నా పని అన్నాళ్ళకి మొదటిసారి పనిలో పడింది. బావ పక్కనున్న కిటికీ చువ్వని చేత్తో పట్టుకున్నాడు. దాన్ని వదల్లేదు.

అనకాపల్లి దాటేదాకా బాగానే ఉంది. కిటికీలోంచి చూస్తూ, ఎక్కడెక్కడ కొత్త వంతెనలు పడ్డాయో, ఎక్కడ టీ దుకాణాలు లేచిపోయాయో చెప్పాడు. ఒకచోట కాయిల్స్ లారీ మమ్మల్ని దాటి పోయింది. "గొలుసు సరిగ్గా కట్టనేదు ఆడు" అన్నాడు. అక్క అతని కాళ్ళ దగ్గర కూర్చుని నారింజ తొనలు వలిచి ఇచ్చింది. రెండు తిన్నాడు.

ఢాబా ఉన్నచోటే ఉంది. యజమాని మారాడు. బావని గుర్తుపట్టేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. లారీల వరస చివర వేపచెట్టు కనిపిస్తే, నీడ వద్దని ఎండలోనే ఆపాను. ఎండ ఉంటేనే ప్యానెళ్ళు పని చేస్తాయి. అక్క తడి తువ్వాలు కిటికీకి కట్టింది.

"ఇంక తొంగో బావా" అన్నాను.

కళ్ళు మూసుకున్నాడు. నేను బయట ముందు చక్రం పక్కన కూర్చున్నాను. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా మా వ్యాను కొద్దిగా ఊగుతోంది. ఇదే కదా ఇతను అడిగింది అనుకున్నాను. ఎంతోసేపు కాలేదు.

"బావా, ఎంతున్నాది?" అని లోపలినుంచి వినిపించింది.

ఇన్వర్టరు డబ్బా మీద బ్యాటరీ ఎంత మిగిలిందో చూపించే అద్దం ఉంటుంది. అతను పడుకున్నచోటినుంచి కనిపించదు. "బాగానే ఉన్నాది. నువ్వు తొంగో" అన్నాను.

కాసేపటికి మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. ఇంతలో పడమటినుంచి మబ్బు పట్టింది. వానలు వెనకబట్టాయనుకున్న రోజుల్లో ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. వెలుతురు తగ్గగానే బావ లేచి కూర్చున్నాడు. లేవద్దని అక్క భుజం పట్టుకుంటే విదిలించుకున్నాడు. వంగి ఆ అద్దంకేసి చూస్తూ కూర్చున్నాడు. వాన పడింది. కప్పు మీద టపటపమని పెద్ద చప్పుడు. నేను లోపలికెక్కి తలుపు మూశాను.

అక్క పైకి చూసి, "కారడం నేదు" అంది.

నిజమే. వైరు చుట్టూ, సీలింగు అతుకుల్లో, ఎక్కడా చుక్క లేదు. ఇన్ని నెలలుగా నేను కోరుకున్న వాన అది. బావ పైకి చూడనే లేదు. అతని చూపు ఆ అంకె మీదే ఉంది. అది తగ్గుతోంది. ఛాతీ ఎగిరెగిరిపడుతోంది. వేలికి పెట్టే చిన్న మిషను పెట్టి చూస్తే ఆక్సిజన్ ఇంట్లో ఉన్నంతే ఉంది. కరెంటు కూడా ఇంటికి పోవడానికి సరిపడా కంటే ఎక్కువే ఉంది. సిలిండరు కూడా ఉంది. అన్నీ విడమర్చి చెప్పాను. వినిపించుకోలేదు.

"పద, ఎలిపోదాం" అన్నాడు.

"వాన ఆగనీ బావా. ఎండొస్తది."

"ఎలిపోదాం పద. నాకు బయ్యంగున్నాది."

అతని నోట ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు. ఘాట్‌ రోడ్డులో బ్రేకులు పోయిన లారీని కొండకి ఆనించి ఆపి, కిందికి దిగి బీడీ వెలిగించిన మనిషని అతని తోటి డ్రైవర్లు చెప్పుకునేవారు. అక్క నావైపు చూసి, తీయమన్నట్టు చెయ్యి ఊపింది. బండి తీశాను. దారి పొడుగునా డ్రైవరు ముందుండే అద్దంలో అతను కనిపిస్తూనే ఉన్నాడు. ఒక చేత్తో కిటికీ చువ్వ, ఇంకో చేత్తో ముక్కులో గొట్టం పట్టుకుని, అంకెకేసి చూస్తూ. ఒక్క లారీని కూడా తలెత్తి చూడలేదు.

ఇంటి ముందు ఆపి, లోపలికి మోసుకెళ్ళి, మంచం మీద కూర్చోబెట్టాం. మిషను తెచ్చి గోడ ప్లగ్గులో పెట్టి స్విచ్ వేశాను. చప్పుడు మొదలవగానే బావ వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, "అమ్మయ్య" అన్నాడు. రెండు నిమిషాల్లో నిద్రపోయాడు. అక్క వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడు చాలాసేపు వచ్చింది. ఆవిడ ఏమీ కడగడం లేదని నాకు తెలుసు.

మళ్ళీ ఎక్కడికైనా పోదామని అతను అనలేదు. గుమ్మంలో కూర్చోవడం కూడా మానేశాడు. కుర్చీ మంచం పక్కకి, ప్లగ్గు కనిపించే చోటికి జరిపించుకున్నాడు. చలికాలం పూర్తిగా రాకముందే ఆసుపత్రిలో పోయాడు. అప్పటికి మాట పడిపోయింది. చివరి మాటలంటూ ఏమీ లేవు. లోడింగు యార్డుల్లోనూ, ఢాబాల దగ్గరా అతనితో టీలు తాగిన డ్రైవర్లు కొందరు వచ్చారు. వాళ్ళ బళ్ళు పెట్టడానికి సందులో చోటు చాలలేదు, వ్యాను అడ్డంగా ఉంది.

ఎవరైనా అడిగితే పని బాగానే కుదిరిందని చెబుతాను. కప్పు కారదు. వైరు పక్కాగా ఉంది. ఆ పని నేను ఇంకా ముందే ముగించి ఉంటే అతను ఒక రాత్రి ఆ బల్ల మీద పడుకునేవాడా, లేక అప్పుడూ ఆ అంకెకేసి చూస్తూనే కూర్చునేవాడా అన్నది నాకు తెలియదు. ఓడ మీద ఎక్కడైనా గ్లాండ్ బిగిస్తుంటే ఆ ప్రశ్న వస్తుంది. మర బిగుసుకునేదాకా ఉంటుంది. తర్వాత ఇంకో గ్లాండ్ దగ్గరికి పోతాను.

వ్యాను సందులోనే ఉంది. కొంటామని ఇద్దరు వచ్చి చూసి వెళ్ళారు. అక్క అమ్మమనీ అనలేదు, వద్దనీ అనలేదు. బండి నిలబడిపోతే పాడవుతుందని ఆదివారాలు వెళ్ళి ఇంజను స్టార్ట్ చేస్తాను. అక్క టీ తెచ్చి బానెట్ మీద పెట్టి, లోపలికి వెళ్ళిపోతుంది. టీ తాగినంతసేపు ఇంజను తిరుగుతుంది. ఆపేసి, గ్లాసు గుమ్మంలో పెట్టి, పోర్టు వైపు వెళ్ళే బస్సు కోసం మెయిన్ రోడ్డు మీదికి నడుస్తాను.